సైంటిఫిక్ ఓపెన్ సోర్స్ లైబ్రరీలోంచి కొంత కోడ్ తీసుకుని మన ప్రాజెక్టులో వాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెద్ద సైంటిఫిక్ లైబ్రరీలో మనకు కావలసింది ఒక్క రొటీన్ (ఒక నిర్దిష్టమైన పని చేసే కోడ్ ముక్క). మిగతా దానితో పని లేదు. ఆ ఒక్కటీ తీసుకుని మన ప్రాజెక్టులో పెట్టుకోవచ్చా, పెట్టుకుంటే ఎవరికేం చెప్పాలి, ఏం రాసి పెట్టుకోవాలి అన్న సందేహాలు రీసెర్చ్ స్కాలర్లకీ, కంపెనీల్లో పనిచేసే ఇంజనీర్లకీ పదే పదే వస్తుంటాయి. వాటిని పని జరిగే క్రమంలో ఇక్కడ పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు. డబ్బుకి అమ్మే ప్రాడక్ట్ విషయంలో మాత్రం లైసెన్సుల మీద ఆఖరి మాట మీ లాయర్‌దే.

## తీసుకునే ముందు

నాకు ఒక్క ఫంక్షన్ చాలు. దానికోసం లైబ్రరీ అంతా ఇన్‌స్టాల్ చేసుకోవాలా?

చాలా సందర్భాల్లో అదే మంచిది. కాపీ చేసుకున్న రోజు నుంచి ఆ కోడ్ బాగోగులు మీవే. అసలు లైబ్రరీలో ఎవరో బగ్ సరిచేస్తారు, ఆ సంగతి మీ కాపీకి తెలియదు. ముఖ్యంగా స్పెషల్ ఫంక్షన్లు, డిఫరెన్షియల్ ఈక్వేషన్ సాల్వర్లు, ఆప్టిమైజేషన్ రొటీన్లు ఏళ్ల తరబడి వచ్చిన బగ్ రిపోర్టులతో రాటుదేలినవి. డిస్క్‌లో చోటు మిగులుతుందని మాత్రం వాటిని విడదీసి తెచ్చుకోకండి.

విడదీయడం సరైన దారి అయ్యే సందర్భాలూ ఉన్నాయి. లైబ్రరీని ఎవరూ పట్టించుకోవడం లేదు. లేదా మీ కోడ్ నడవాల్సిన చిన్న పరికరంలో అంత లైబ్రరీ పట్టదు. లేదా అల్గారిథం లోపలే మార్పు చెయ్యాలి. ఆ ఒక్క ఫంక్షన్ కోసం మీ యూజర్లందరూ ఫోర్ట్రాన్ కంపైలర్ పెట్టుకోవాల్సి వస్తుంటే అదీ న్యాయమైన కారణమే.

కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ కనిపిస్తోంది. అంటే ఎవరైనా వాడుకోవచ్చనేగా?

కాదు. కోడ్ రాసిన క్షణం నుంచే రాసినవాళ్లకి కాపీరైట్ ఉంటుంది. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాపీరైట్ గుర్తు కూడా అక్కర్లేదు. బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నిటిలో ఇదే పద్ధతి. లైసెన్స్ ఫైల్ లేని రిపోని (ప్రాజెక్టు కోడ్ అంతా ఉండే చోటుని) చూడొచ్చు, గిట్‌హబ్ నిబంధనల ప్రకారం అక్కడే ఫోర్క్ చెయ్యొచ్చు, అంటే మీ ఖాతాలో కాపీ పెట్టుకోవచ్చు. మీ ప్రాజెక్టులో కలిపి పంచిపెట్టడానికి మాత్రం అనుమతి లేనట్టే.

ఇలాంటప్పుడు రచయితని అడిగేయడమే నయం. "మీ కోడ్‌లో ఫలానా ఫైల్ వాడుకోవాలనుకుంటున్నాను, దయచేసి లైసెన్స్ జోడిస్తారా" అని ఇష్యూ పెట్టండి. చాలామంది లైసెన్స్ పెట్టనిది మర్చిపోయే తప్ప ఇవ్వకూడదని కాదు. "వాడుకోండి" అని ఈమెయిల్‌లో జవాబు వస్తే దాచుకోండి. కానీ రిపోలోనే లైసెన్స్ ఫైల్ ఉండటం మీకే కాదు, మీ తర్వాత దాన్ని వాడేవాళ్లకీ మంచిది.

పేపర్‌తో ఇచ్చిన కోడ్, పుస్తకంలో అచ్చయిన కోడ్ వాడుకోవచ్చా?

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. న్యూమరికల్ రెసిపీస్ పుస్తకంలోని రొటీన్లు ఎన్నో ల్యాబుల కోడ్‌లో కనిపిస్తాయి. అయినా అవి ఓపెన్ సోర్స్ కావు. వాటి లైసెన్స్ వేరు, సోర్స్‌ని అందరికీ పంచడానికి అది ఒప్పుకోదు. కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎం వారి గణిత సాఫ్ట్‌వేర్ జర్నల్‌లో వచ్చిన అల్గారిథంలలో చాలావాటికి ఏసీఎం సొంత లైసెన్స్ ఉంది. వ్యాపారానికి వాడాలంటే విడిగా అనుమతి తీసుకోవాలి. పేపర్‌కి క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉన్నంత మాత్రాన పక్కనే ఉన్న కోడ్‌కి అది వర్తిస్తుందనుకోవద్దు. కోడ్‌కి ఏం రాసి ఉందో విడిగా వెతకండి. పేపర్‌లో వివరించిన పద్ధతిని చదివి మీ అంతట మీరు కోడ్ రాసుకుంటే మాత్రం కాపీరైట్ అడ్డు రాదు.

"రీసెర్చ్ అవసరాలకు మాత్రమే" అని ఉంది. మాది యూనివర్సిటీ ప్రాజెక్టే కదా?

మీ లెక్కలకు వాడుకోవచ్చు. కానీ మీ ప్రాజెక్టుని ఎంఐటీ లాంటి లైసెన్స్‌తో విడుదల చేస్తే, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చని మీరు మాట ఇచ్చినట్టు. మీ చేతిలో లేని హక్కుని మీరు ఇవ్వలేరు. అలాంటి ముక్కని విడుదలలోంచి తీసేయండి, లేదా యూజరే విడిగా తెచ్చుకునేలా చెయ్యండి.

## లైసెన్స్ చదివేటప్పుడు

బీఎస్‌డీ లేదా ఎంఐటీ లైసెన్స్ ఉన్న కోడ్ తీసుకుంటే నేనేం చెయ్యాలి?

కాపీరైట్ లైన్‌నీ, లైసెన్స్ పాఠాన్నీ మీరు తీసుకున్న కోడ్‌తో పాటు ఉంచాలి. ప్రధానంగా అంతే. పైథాన్ లైబ్రరీలైన నంపై, సైపై, సైకిట్-లెర్న్ మూడూ 3 క్లాజుల బీఎస్‌డీలో ఉన్నాయి. ఆ మూడో క్లాజు ప్రకారం అసలు రచయితల పేర్లు చెప్పి, వాళ్లు మీ ప్రాడక్ట్‌ని మెచ్చుకున్నట్టు ప్రచారం చేసుకోకూడదు.

జనం మర్చిపోయేది బైనరీల సంగతి. సోర్స్ ఇవ్వకుండా కంపైల్ చేసినది మాత్రమే ఇచ్చినా, బీఎస్‌డీ నోటీసు డాక్యుమెంటేషన్‌లోనో దానితో వచ్చే ఇతర సామగ్రిలోనో ఉండాల్సిందే. అపాచీ 2.0 అయితే ఇంకొంచెం పని ఉంటుంది. మీరు మార్చిన ఫైళ్లలో మార్చామని స్పష్టంగా రాయాలి. అసలు ప్రాజెక్టులో నోటీస్ అనే ఫైల్ ఉంటే అందులో మీరు తీసుకున్న భాగానికి సంబంధించిన మాటల్ని వెంట తెచ్చుకోవాలి. దానికి బదులుగా అపాచీలో పేటెంట్లకి స్పష్టమైన అనుమతి దొరుకుతుంది.

లైబ్రరీ జీపీఎల్‌లో ఉంది. నేను తీసుకున్నది 50 లైన్లే. మొత్తం ప్రాజెక్టు జీపీఎల్ అయిపోతుందా?

ఇన్ని లైన్ల లోపు పర్లేదు అనే లెక్క జీపీఎల్‌లో ఎక్కడా లేదు. ఆ 50 లైన్లలో సొంత రచన అనదగినది ఉంటే, దాన్ని కలిపిన ప్రోగ్రాంని బయటివాళ్లకి ఇచ్చేటప్పుడు మొత్తాన్నీ జీపీఎల్ కింద, సోర్స్‌తో సహా ఇవ్వాలి. సైంటిఫిక్ రంగంలో ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చేది గ్నూ సైంటిఫిక్ లైబ్రరీ గురించీ, ఫోరియర్ ట్రాన్స్‌ఫాం లెక్కించే ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ లైబ్రరీ గురించీ. రెండూ జీపీఎల్‌లో ఉన్నవే.

రెండు విషయాలు తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. ఒకటి, మీ ల్యాబ్‌లోనో కంపెనీ లోపలో వాడుకుంటూ బయట ఎవరికీ ఇవ్వకపోతే సోర్స్ ఇవ్వాల్సిన బాధ్యత రాదు. జీపీఎల్‌కే మరో రూపమైన ఏజీపీఎల్ అయితే అలా కాదు. మీరు మార్చిన ప్రోగ్రాంని నెట్‌వర్క్ మీద సర్వీసుగా నడిపితే, వాడేవాళ్లకి సోర్స్ అందుబాటులో ఉంచాలి. రెండోది, మీ కోడ్ తనంతట తాను జీపీఎల్‌గా మారిపోదు. మీ ముందు మూడు దారులు ఉంటాయి: మొత్తాన్ని జీపీఎల్‌లో విడుదల చెయ్యడం, ఆ ముక్క తీసేయడం, హక్కుదారుల దగ్గర వేరే లైసెన్స్ తీసుకోవడం. ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూకి ఈ మూడో దారి ఉంది. ఎంఐటీ విశ్వవిద్యాలయం దగ్గర వాణిజ్య లైసెన్స్ కొనుక్కోవచ్చు. ఫోరియర్ ట్రాన్స్‌ఫాం మాత్రమే కావాలంటే బీఎస్‌డీలో ఉన్న పాకెట్‌ఎఫ్‌ఎఫ్‌టీ చూడండి. 2019లో వచ్చిన 1.17 వెర్షన్ నుంచి నంపై కూడా దాన్నే వాడుతోంది.

ఎల్‌జీపీఎల్, ఎంపీఎల్ అయితే?

ఎల్‌జీపీఎల్ అనేది జీపీఎల్‌కి సడలించిన రూపం, దాన్ని వాడే మీ కోడ్ అదే లైసెన్స్‌లో ఉండనక్కర్లేదు. కానీ ఆ సౌకర్యమంతా లైబ్రరీని విడి లైబ్రరీగా లింక్ చేసుకున్నప్పుడే. అందులోని కోడ్‌ని మీ ఫైళ్లలోకి ఎక్కించేస్తే ఆ సౌకర్యం పోయినట్టే. కాబట్టి అవసరమైన భాగాన్ని చిన్న లైబ్రరీగా విడిగా ఉంచి లింక్ చేసుకోండి. ఎంపీఎల్ 2.0 ఫైల్ స్థాయిలో పనిచేస్తుంది. ఆ ఫైళ్లు, వాటికి మీరు చేసిన మార్పులు ఎంపీఎల్‌లో ఉంటే చాలు, పక్క ఫైళ్లు మీ ఇష్టం. లీనియర్ ఆల్జీబ్రాకి చాలామంది వాడే ఐగెన్ ప్రధానంగా ఈ లైసెన్స్‌లోనే ఉంది.

రెండు లైబ్రరీల నుంచి చెరో ముక్క తెచ్చాను. ఆ లైసెన్సులు పొసగుతాయా?

బీఎస్‌డీ, ఎంఐటీ దాదాపు అన్నిటితోనూ పొసగుతాయి. ఎక్కువగా ఇబ్బంది పెట్టే జంట అపాచీ 2.0, జీపీఎల్ 2. ఈ రెండూ ఒకే ప్రోగ్రాంలో కలవవు. జీపీఎల్ 3తో అయితే అపాచీ కోడ్ కలుస్తుంది, కానీ కలిసిన మొత్తం జీపీఎల్ 3 కిందికి వస్తుంది. అందుకే జీపీఎల్ ఫైల్ పైన "వెర్షన్ 2" అని మాత్రమే ఉందా, "వెర్షన్ 2 లేదా ఆ తర్వాతది" అని ఉందా చూడండి. ఆ చిన్న మాట ఉంటే మీరు 3ని ఎంచుకోవచ్చు.

రిపో మొదటి పేజీలో బీఎస్‌డీ అని ఉంది. లోపల ప్రతి ఫైలూ అదేనా?

ఆ నమ్మకంతోనే సమస్యలు మొదలవుతాయి. పాత సైంటిఫిక్ లైబ్రరీలు తామే బోలెడు చోట్ల నుంచి కోడ్ తెచ్చుకుని పెరిగాయి. సైపైలో ఇతర ప్రాజెక్టుల నుంచి వచ్చిన భాగాలు ఉన్నాయి, వాటి లైసెన్సులు విడిగా ఒక ఫైల్‌లో రాసి ఉంటాయి. ఎక్కువగా సున్నాలుండే మాట్రిక్సుల కోసం వాడే సూట్‌స్పార్స్ ఇంకా మంచి ఉదాహరణ. పేరు ఒకటే, లోపలి ప్యాకేజీల లైసెన్సులు రకరకాలు. కోలామ్‌డీ బీఎస్‌డీలో ఉంది, అమ్ఫ్‌ప్యాక్ జీపీఎల్‌లో ఉంది. చోల్‌మాడ్ ఒక్కదానిలోనే కొన్ని మాడ్యూళ్లు ఎల్‌జీపీఎల్, మరికొన్ని జీపీఎల్.

కాబట్టి మీరు తీసుకునే ప్రతి ఫైల్ పైభాగం చదవండి. అక్కడ ఏమీ లేకపోతే గిట్ చరిత్రలో ఆ ఫైల్ మొదట ఎలా వచ్చిందో చూడండి. "ఫలానా చోటి నుంచి తెచ్చాం" అన్న కమిట్ మెసేజ్ (గిట్‌లో మార్పుని నమోదు చేస్తూ రాసిన మాట) కనిపిస్తే అక్కడిదాకా వెళ్లండి. చాలామంది ఈ పని దగ్గరే బద్ధకిస్తారు. ఈ పని మాత్రం వదలొద్దు.

ఫోర్ట్రాన్ కోడ్‌ని నేనే పైథాన్‌లో తిరగరాశాను. ఇప్పుడది నాదేగా?

లైన్ పక్కన లైన్ పెట్టి చూసుకుంటూ మార్చినదైతే అది అనువాదమే. అనువాదం మీద మూలరచయిత హక్కు అలాగే ఉంటుంది, మూలం జీపీఎల్ అయితే మీదీ జీపీఎలే. ఆ మార్పుని ఏఐ టూల్ చేసిపెట్టినా ఇందులో తేడా లేదు. కాపీరైట్ వర్తించనిది అల్గారిథంకీ, సూత్రానికీ. పేపర్ చదివి, ఆ కోడ్ చూడకుండా రాసినది మీ సొంతం.

పేటెంట్ వేరే సంగతి. అది పద్ధతి మీదే ఉంటుంది కనుక, సొంతంగా రాసుకున్నా వర్తిస్తుంది. ఇమేజ్ ప్రాసెసింగ్‌లో పేరున్న సిఫ్ట్ పద్ధతి మీద పేటెంట్ 2020 మార్చిలో ముగిసింది. ఆ తర్వాతే ఓపెన్‌సీవీ దాన్ని ప్రధాన లైబ్రరీలోకి తెచ్చింది.

## కోడ్ విడదీసేటప్పుడు

ఒక ఫంక్షన్ పట్టుకు లాగితే వెనకాల పది వస్తున్నాయి. ఎక్కడ ఆపాలి?

ఇంటిగ్రేషన్ కోసం క్వాడ్‌ప్యాక్ అనే ఫోర్ట్రాన్ లైబ్రరీలోని డీక్యూఏజీఎస్ రొటీన్ తీసుకున్నారనుకోండి. అది డీక్యూఏజీఎస్‌ఈని పిలుస్తుంది. అది 21 పాయింట్ల రూల్‌కి ఒకదాన్ని, ఎక్స్‌ట్రాపొలేషన్‌కి ఒకదాన్ని, ఇంటర్వెల్స్‌ని క్రమంలో పెట్టడానికి మరొకదాన్ని పిలుస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. చివర్లో డీ1మాక్ అనే ఫంక్షన్ వస్తుంది. మెషీన్ ఎంత చిన్న సంఖ్యని, ఎంత పెద్ద సంఖ్యని, ఎంత కచ్చితత్వంతో పట్టగలదో అది చెబుతుంది. పాత కాపీల్లో రకరకాల కంప్యూటర్ల విలువలన్నీ కామెంట్లుగా ఉంటాయి, మన మెషీన్‌కి సరిపోయేవి తెరుచుకోవాలి. అక్కడ తప్పు విలువలు పడితే ప్రోగ్రాం క్రాష్ కాదు. ఇంటిగ్రల్ తప్పుగా వస్తుంది, లేదా ఎర్రర్ అంచనా తప్పుతుంది. ఆ ఫంక్షన్‌ని మోసుకురాకుండా, అదే విలువల్ని మీ ప్రోగ్రామింగ్ భాష ఇచ్చే స్థిరాంకాలతో నింపండి.

కోయాల్సిన చోటు ఎలా తెలుస్తుందంటే, అక్కడ అటూ ఇటూ ప్రయాణించేవి మామూలు సంఖ్యలు, అర్రేలు మాత్రమే అయి ఉండాలి. లైబ్రరీ సొంత ఆబ్జెక్టులు దాటుతున్నాయంటే ఇంకా లోపలికి వెళ్లాలి, లేదా ఆలోచన మానుకుని మొత్తం లైబ్రరీనే వాడాలి. కాల్ గ్రాఫ్‌లో (ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తుందో చూపే పటంలో) కనిపించని బంధాలు కూడా ఉంటాయి: ఫోర్ట్రాన్ కామన్ బ్లాకులు, ఒకసారి పిలిచాక విలువ గుర్తుపెట్టుకునే వేరియబుల్స్, గ్లోబల్ ఎర్రర్ హ్యాండ్లర్లు, బిల్డ్ సమయంలో తయారయ్యే పట్టికలు. కొత్త ఖాళీ ప్రాజెక్టులో ఆ ఫైళ్లొక్కటే పెట్టి కంపైల్ చేస్తే బిల్డ్‌కి సంబంధించినవి బయటపడతాయి. మిగతావాటికి ఒకే ఫంక్షన్‌ని వేర్వేరు డేటాతో వరసగా రెండుసార్లు పిలిచి చూడండి.

కాపీ పేస్ట్ మంచిదా, గిట్ సబ్‌మాడ్యూల్ మంచిదా?

కొద్ది ఫైళ్లయితే కాపీయే మంచిదని నా అభిప్రాయం, అది పద్ధతిగా జరగాలి. వేరే ఫోల్డర్ పెట్టండి. అందులో ఒక చిన్న రీడ్‌మీ రాయండి: ఏ ప్రాజెక్టు, ఏ వెర్షన్, ఏ కమిట్ హ్యాష్ (ఆ కమిట్‌కి గిట్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), ఏ ఫైళ్లు, ఏ తేదీన. మొదటి కమిట్‌లో ఫైళ్లని ఒక్క అక్షరం మార్చకుండా పెట్టండి. మీ మార్పులన్నీ రెండో కమిట్ నుంచి. ఈ ఒక్క అలవాటు ఉంటే మూడేళ్ల తర్వాత వచ్చిన కొత్త మనిషి కూడా ఏది వాళ్లది, ఏది మనది అని నిమిషంలో తేల్చుకోగలడు.

ఒక ఫోల్డర్ మొత్తాన్ని దాని చరిత్రతో సహా తెచ్చుకోవాలంటే గిట్ ఫిల్టర్-రిపో పనికొస్తుంది. సబ్‌మాడ్యూల్ అయితే మొత్తం రిపోని ఒక నిర్దిష్ట కమిట్ దగ్గర పట్టి ఉంచుతుంది. మీరు ఏమీ మార్చనప్పుడు అది బాగుంటుంది.

పేర్లు, ఫార్మాటింగ్ మా స్టైల్‌కి మార్చేయొచ్చా?

ఫార్మాటర్‌ని ఆ ఫోల్డర్ జోలికి పోనివ్వకండి. ఒకసారి నడిపితే అసలు కోడ్‌తో పోల్చినప్పుడు ప్రతి లైనూ తేడాగా కనిపిస్తుంది, నిజమైన మార్పు అందులో పోతుంది. సీ, ఫోర్ట్రాన్ ఫంక్షన్ల పేర్లకి మాత్రం ముందు మీ ప్రాజెక్టు గుర్తు తగిలించండి. లేకపోతే యూజర్ అసలు లైబ్రరీని కూడా లోడ్ చేసినప్పుడు, ఒకే పేరున్న రెండు ఫంక్షన్లలో ఏది నడుస్తోందో చెప్పలేం.

## పరీక్షించేటప్పుడు

కంపైల్ అయింది, రన్ అయింది. ఇంకేం చూడాలి?

ఫంక్షన్‌తో పాటు దాని టెస్టులు కూడా తెచ్చుకున్నారా? తేకపోతే ముందు వాటికోసం వెళ్లండి. సైంటిఫిక్ లైబ్రరీలో కోడ్ ఎంత విలువైనదో టెస్టులూ అంతే విలువైనవి. ఎప్పుడో ఎవరికో తప్పు జవాబు వచ్చిన ఇన్‌పుట్‌లన్నీ వాటిలో భద్రంగా ఉంటాయి. వాటికీ అదే లైసెన్స్ కింద అనుమతి ఉంటుంది. టెస్టులతో పాటు డేటా ఫైళ్లు ఉంటే వాటి లైసెన్స్ విడిగా చూసుకోండి.

తర్వాత చూడాల్సినవి లైబ్రరీల మధ్య సంప్రదాయాల తేడాలు. స్టాండర్డ్ డీవియేషన్‌కి నంపై మామూలుగా ఎన్‌తో భాగిస్తుంది, ఆర్, మ్యాట్‌ల్యాబ్ ఎన్ మైనస్ 1తో భాగిస్తాయి. ఫోరియర్ ట్రాన్స్‌ఫాంని ముందుకీ వెనక్కీ చేస్తే నంపైలో మొదటి డేటా తిరిగి వస్తుంది, ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూలో పొడవు రెట్లు పెరిగి వస్తుంది. ఫోర్ట్రాన్ మాట్రిక్స్‌ని నిలువు వరసలుగా దాస్తుంది, సీ అడ్డ వరసలుగా. ఈ రెంటినీ కలగలిపిన తప్పు సిమెట్రిక్ మాట్రిక్స్‌తో పరీక్షిస్తే ఎప్పటికీ దొరకదు. అందుకని చతురస్రం కాని మాట్రిక్స్‌తో ఒకటి, చతురస్రమే కానీ సిమెట్రిక్ కాని దానితో ఒకటి, కనీసం రెండు టెస్టులు పెట్టండి.

అసలు లైబ్రరీతో పోలిస్తే చివరి అంకెలు తేడా వస్తున్నాయి. ఎక్కడో తప్పు చేశానా?

అలా అనుకోనక్కర్లేదు. డబుల్ ప్రెసిషన్‌లో నమ్మదగినవి 15, 16 అంకెలు. ఫ్లోటింగ్ పాయింట్‌లో కూడిక వరస మారితే జవాబు చివర్లో మారుతుంది. కంపైలర్ ఆప్షన్లు, థ్రెడ్ల సంఖ్య, గుణకారాన్నీ కూడికనీ కలిపి ఒకేసారి చేసే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లు, ఇవన్నీ వరసనో రౌండింగ్‌నో మారుస్తాయి. నంపై అర్రేని కూడేటప్పుడు ముక్కలుగా చేసి జతలుగా కలుపుతుంది. మీరు మామూలు లూప్‌తో కూడితే తేడా రావడం సహజం.

తేడా ఎంత ఉందన్నది అసలు ప్రశ్న. సమస్య కుదురుగా ఉంటే సాపేక్ష తేడా 10⁻¹² లోపు ఉందా అని చూడటం మంచి మొదలు. మాట్రిక్స్ కండిషన్ నంబర్ (ఇన్‌పుట్‌లోని చిన్న తప్పు జవాబులో ఎన్ని రెట్లు పెరగొచ్చో చెప్పేది) 10⁸ ఉంటే సుమారు 8 అంకెలు పోతాయని ముందే అనుకోవాలి. ఏడో అంకె దగ్గర తేడా మొదలైతే ఎక్కడో సింగిల్ ప్రెసిషన్ దూరిందని అనుమానించండి. ఐగెన్ వెక్టర్ల గుర్తు తలకిందులైతే అది తప్పు కాదు, రెండూ సరైనవే. ఫాస్ట్ మ్యాథ్ ఆప్షన్‌తో కంపైల్ చేసి ఉంటే ముందు అది తీసేసి పోల్చండి. ఆ ఆప్షన్ పెట్టాక, డేటాలో నాన్ విలువలు (సంఖ్య కానివని గుర్తు పెట్టినవి) ఉండవన్న ధీమాతో కంపైలర్ పనిచేస్తుంది.

అదే సీడ్ ఇచ్చినా ర్యాండమ్ నంబర్లు వేరేగా వస్తున్నాయి?

ర్యాండమ్ నంబర్ల వరసని మొదలుపెట్టే విలువే సీడ్. వాటిని తయారుచేసే జనరేటర్ వేరైతే సీడ్ ఒకటైనా లాభం లేదు. నంపైలో పాత పద్ధతి మెర్సెన్ ట్విస్టర్‌ని వాడేది, 1.17తో వచ్చిన కొత్త పద్ధతి మామూలుగా పీసీజీ64ని వాడుతుంది. అల్గారిథంని పరీక్షించేటప్పుడు ర్యాండమ్ నంబర్లని ఒక ఫైల్‌లో దాచి రెండు చోట్లా అవే ఇవ్వండి.

## విడుదల చేసేటప్పుడు, ఆ తర్వాత

లైసెన్సుల వివరాలు ప్రాజెక్టులో ఎక్కడ పెట్టాలి?

తీసుకున్న ప్రతి ఫైల్ పైన అసలు నోటీసు అలాగే ఉంచి, దాని కింద ఎస్‌పీడీఎక్స్ గుర్తు (లైసెన్స్ పేరుకి ప్రామాణికమైన పొట్టి రూపం) ఒక లైన్ రాయండి. లైసెన్సుల పూర్తి పాఠాలు ఒకే ఫోల్డర్‌లో పెట్టండి. తర్వాత మీ ప్యాకేజీని ఖాళీ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి ఆ ఫోల్డర్ అక్కడికి చేరిందో లేదో చూడండి. రిపోలో ఉండి ప్యాకేజీలోకి రాకపోవడం తరచుగా జరుగుతుంది.

లైసెన్స్ పాటించాను. పేపర్‌లో సైటేషన్ కూడా ఇవ్వాలా?

సాధారణంగా లైసెన్స్ అడగదు. అయినా ఇవ్వాలి. ఈ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లలో చాలామందికి ఉద్యోగం, గ్రాంటు దక్కేది ఆ సైటేషన్ల వల్లే. మీ లెక్క వాళ్ల కోడ్ మీద నిలబడినప్పుడు ఆ మాట పేపర్‌లో ఉండటం న్యాయం. రిపోలో సైటేషన్ ఫైల్ ఉంటే ఎలా చెప్పాలో అందులోనే ఉంటుంది. లేకపోతే పరిశోధన ఫలితాల్ని భద్రపరిచే జెనోడో సైట్‌లో ఆ వెర్షన్‌కి డీవోఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉందేమో చూడండి. సోర్స్ కోడ్‌ని భద్రపరిచే సాఫ్ట్‌వేర్ హెరిటేజ్‌లో అయితే ఒక్క ఫైల్‌కి కూడా శాశ్వతమైన గుర్తింపు దొరుకుతుంది, కొంత భాగమే తీసుకున్నవాళ్లకి అది సరిగ్గా పనికొస్తుంది. అల్గారిథంకి వేరే పేపర్ ఉంటే దాన్నీ చెప్పండి.

జీపీఎల్ కోడ్ ఎప్పుడో కలిసిపోయిందని విడుదల అయ్యాక తెలిసింది. ఇప్పుడెలా?

ముందు ఆ విడుదలని పంచడం ఆపండి. తర్వాత ఆ ముక్క తీసేయాలా, మొత్తాన్ని జీపీఎల్‌లోకి తేవాలా తేల్చుకోండి. జీపీఎల్ 3లో సరిదిద్దుకునే అవకాశం రాసి ఉంది. హక్కుదారు నుంచి మొదటిసారి నోటీసు అందాక 30 రోజుల్లో సరిచేస్తే మీ హక్కులు పూర్తిగా తిరిగి వస్తాయి. జీపీఎల్ 2లో అలాంటి గడువు లేదు. నోటీసు కోసం ఎదురుచూడకుండా మీరే రాసి చెప్పడం మంచిది.

అందులో బగ్ దొరికింది. మా కాపీలో సరిచేసుకుంటే చాలా?

అసలు ప్రాజెక్టుకీ చెప్పండి. తప్పు జవాబు వచ్చే అతి చిన్న ఇన్‌పుట్, రావాల్సిన జవాబు, అది సరైనదని మీరెలా నిర్ధారించారో, ఈ మూడూ రాస్తే వాళ్ల పని సులువవుతుంది. ప్యాచ్ పంపాలంటే మీ సంస్థ అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి. అదే లైబ్రరీతో ఎక్కడో ఎవరో మందు మోతాదు లెక్కిస్తుండొచ్చు, వంతెన బరువు లెక్కిస్తుండొచ్చు.

అసలు లైబ్రరీ మారుతుంటే నా కాపీని ఎలా చూసుకోవాలి?

రిపోలో విడుదలల నోటిఫికేషన్ పెట్టుకోండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు మీరు రాసిపెట్టుకున్న కమిట్ హ్యాష్ నుంచి ఇప్పటిదాకా ఆ కొద్ది ఫైళ్లలో ఏం మారిందో గిట్‌ని అడిగితే చూపిస్తుంది. ఏమీ మారకపోతే హ్యాష్ మాత్రం కొత్తది రాసుకోండి. బయటి ఫైళ్లని చదివే కోడ్ అయితే ఆలస్యం చెయ్యకండి, సెక్యూరిటీ లోపాలు ఎక్కువగా అక్కడే బయటపడతాయి. మీరు చేసిన మార్పులన్నీ అసలు లైబ్రరీలోకి చేరిపోయి, తేడా ఏమీ మిగలని రోజు వస్తే, ఆ ఫోల్డర్ తీసేసి లైబ్రరీనే ఇన్‌స్టాల్ చేసుకోండి.